రిజిస్టరులో లేని గడి

మా రోజుల్లో కుటుంబ నియంత్రణ రిజిస్టరులో అయిదు గడులు ఉండేవి. ఆడవాళ్ళ ఆపరేషన్, మగవాళ్ళ ఆపరేషన్, లూప్, మాత్రలు, నిరోధ్. నెలాఖరున ఒక్కో గడి కింద అంకె వేసి, పక్కన మాకు ఇచ్చిన టార్గెట్ వేసి, రెండింటి మధ్య తేడాకు సంజాయిషీ రాయాలి. ఆరో గడి లేదు. గడి లేని పద్ధతిని రోగికి చెప్పిన డాక్టరు, ఆ పూట ఖాళీగా కూర్చున్నట్టే లెక్క.

ఆ ఆరో గడిని నేను ఒకసారి ఎర్రసిరాతో గీశాను. గీయడానికి ముందు ఒక తప్పు చేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టర్లు ఇప్పుడు నా దగ్గరకు వచ్చినప్పుడు మందుల గురించి అడుగుతారు, బదిలీల గురించి అడుగుతారు. మీరేం తప్పు చేశారని మాత్రం అడగరు, మర్యాద అడ్డొస్తుంది. అందుకని ఎవరూ అడక్కుండానే రాస్తున్నాను.

ఎనభైల చివర్లో గద్వాలకు కొద్ది దూరంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరాను. ఊరి పేరు అనవసరం. నాకు ఇరవై ఆరేళ్ళు. ప్రతిదానికీ జాబితా రాసుకునే జబ్బు ఉండేది. బీరువా తలుపు మీద మందుల జాబితా, బల్ల అద్దం కింద చేయాల్సిన పనుల జాబితా, జేబులో ఆ రోజు మరచిపోయిన పనుల జాబితా. మా కేంద్రంలో నాకంటే చాలా ముందు నుంచి పనిచేస్తున్న నర్సమ్మ ఉండేది. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అనేవారు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. ఆమె మొదటివారంలోనే నా జాబితాలన్నీ తీరిగ్గా చదివి, "సారూ, ఇండ్ల మీ పేరు గూడ రాసిపెట్టుకోన్రి. ఎప్పుడన్న యాది మరుస్తరేమో" అంది.

ఆ ఏడు పైనుంచి ఒక కాగితం వచ్చింది. పిల్లల మధ్య ఎడం కోసం దంపతులకు సహజ పద్ధతుల గురించి డాక్టర్లు చెబుతున్నారా, చెప్పకపోతే ఎందుకు చెప్పడం లేదు, వాళ్ళ సొంత అభిప్రాయం ఏమిటి అని. సహజ పద్ధతి అంటే, నెలసరుల మధ్య గర్భం నిలిచే అవకాశమున్న రోజులు ఏవో లెక్కగట్టి ఆ రోజుల్లో భార్యాభర్తలు దూరంగా ఉండడం. మందు లేదు, కోత లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు డాక్టర్ల జవాబులు పోగుచేసి, వనపర్తిలో జరిగే సమావేశంలో చదివే పని నాకు పడింది. అది నా విద్వత్తు చూసి ఇచ్చింది కాదు. మా పై అధికారి నా ఉత్తరం ఒకటి చూసి, "ఈ పిల్లగాని రాత చదవొస్తున్నది. నిజంగ డాక్టరేనా?" అన్నాడట.

సెలవు రోజుల్లో బస్సులెక్కి తిరిగాను. నాలుగు నిలువు గీతలు గీసిన కాగితం చేతిలో పట్టుకుని.

వనపర్తిలో కాన్పులు చేసే పెద్ద డాక్టరమ్మ నా ప్రశ్న పూర్తిగా వినకుండానే కిటికీ వైపు చూపించింది. బయట బెంచీల నిండా ఆడవాళ్ళు. "ఒక్కరికి ఆ లెక్క నేర్పాలంటే అరగంట పడుతుంది. మిగిలిన వాళ్ళకు అరగంట సేపు నువ్వు పాట పాడతావా బాబూ?" అంది. నేను "సమయం లేదు" అని రాసుకున్నాను.

కొత్తకోటలో హైవే పక్కన, మెకానిక్ షెడ్ల నడుమ చిన్న దవాఖాన నడుపుకునే డాక్టరు పగలబడి నవ్వాడు. "నా దగ్గరికొచ్చేటోళ్ళు ఎవరనుకుంటున్నవు? లారీ డ్రైవర్లు, వాళ్ళ పెండ్లాలు. పదిహేను దినాలకొకపాలి బండి దిగుతడు వాడు. ఇంట్ల అడుగు పెట్టంగనే ఆమె 'ఇయ్యాల పన్నెండో దినం, దూరముండు' అంటే? ఆ పంచాయతీ తెగేది మల్ల నా బల్ల మీదనే!" ఇది ఏ గీత కింద రాయాలో తెలియక "వృత్తిపరమైన ఇబ్బంది" అని రాశాను.

ఉప్పునుంతల వైపు పనిచేసే ఒకాయన, చాలా నెమ్మదస్తుడు, "అడిగితే చెబుతాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నాడు. నేను లేచి గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి, "అట్లాంటిది ఒకటుందని తెలిస్తే గదా అడిగేది" అని తనకు తనే చెప్పుకున్నట్టు అన్నాడు. ఆ రెండో మాట రాసుకోవడానికి నా కాగితంలో చోటు లేదు.

బల్మూర్ దగ్గర డాక్టరు మాత్రం టీ తాగించి, తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించి చెప్పాడు. "మా ఇంట్ల ఆరేండ్ల సంది అదే పద్ధతి. మా మేడం క్యాలెండర్ మీద టిక్కులు పెడ్తది. ఒక్కసారి తప్పలే."

"మరి రోగులకు చెబుతారా సార్?"

"చెప్ప."

"ఎందుకని?"

"వాళ్ళకు లెక్క రాదు గదయ్యా."

ఆ జవాబు నాకు చాలా సబబుగా కనిపించింది. తిరిగి వచ్చే బస్సులో నా సొంత అభిప్రాయం కూడా రాసేశాను: 'నమ్మకం తక్కువ. చదువురాని వాళ్ళు లెక్క తప్పుతారు. నేను చెప్పను.' కింద సంతకం, తేదీ.

ఆ సంతకం ఆరిన వారానికే ఆమె వచ్చింది.

ఊళ్ళో మగ్గం నేసే ఇంటి కోడలు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. కళ్ళ కింది రెప్ప లాగి చూస్తే కాగితంలా తెల్లగా ఉంది. అయిదేళ్ళ కూతురు ఒకతె. రెండో కాన్పు కిందటేడు, బిడ్డ పోయి పుట్టింది. ఆ రోజు రక్తం ఆగక కర్నూలు తీసుకుపోతే చావు తప్పి బయటపడింది. రక్తం పట్టేదాకా రెండు మూడేళ్ళు మళ్ళీ కడుపు రాకూడదని అక్కడి డాక్టర్లు గట్టిగా చెప్పి పంపారు. కాని ఆమెకు తర్వాత ఇంకొక బిడ్డ కావాలి, అందుకని ఆపరేషన్ వద్దు. లూప్ వేస్తే రక్తస్రావం ఎక్కువై తీసేయాల్సి వచ్చింది. మాత్రలకు వాంతులు, తలనొప్పి.

"నిరోధ్ వాడమని చెప్పలేదా?" అన్నాను.

ఆమె తలొంచుకుంది. సిస్టరమ్మే చెప్పింది. "సందుగల దాచిన ప్యాకెట్ వాళ్ళ బిడ్డకు దొరికింది సారూ. ఊది బుగ్గ జేసి, దారం గట్టి, వాడకట్టంత తిప్పింది. ఆ దినం సంది ఈమె పెనిమిటి ముట్టనంటుండు."

నా అయిదు గడులూ అయిపోయాయి. అప్పుడు ఆమె తలెత్తకుండానే అడిగింది.

"సారూ, దినాలు లెక్కబెట్టుకునేది ఒకటుంటదట గద. మా ఆడిబిడ్డ చెప్పింది. జర నాకు అది రాసియ్యున్రి."

"అది నీకు కుదరదమ్మా. లెక్క తప్పుతావు."

"ఏం లెక్క సారూ?"

"రోజుల లెక్క."

ఆమె ఒక్కసారి నా ముఖం చూసి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. సిస్టరమ్మ గది సర్దుతున్నట్టు కాసేపు అటూ ఇటూ తిరిగింది. ఆమె అట్లా తిరిగిందంటే ఏదో రాబోతున్నదని నాకు అప్పటికే తెలుసు.

"సారూ, ఒకటి అడుగుత, కోపం జేయొద్దు. గద్వాల చీరె అంచుల ఎన్ని పట్టు పోగులుంటయో మీకు ఎరుకనా?"

"తెలీదు."

"ఆ పిల్లకు ఎరుక" అని చెప్పి, బయటికి వెళ్ళి ఆమెను గేటు దగ్గర నుంచి పిలుచుకొచ్చింది.

ఈ పద్ధతికి ముందు కనీసం ఆరు నెలల లెక్క కావాలి. ఒక నెలసరికీ ఇంకొక నెలసరికీ మధ్య ఎన్ని రోజులున్నాయో ఆరుసార్లు కొలవాలి. అందులో అన్నిటికంటే పొట్టి నెలనూ, అన్నిటికంటే పొడుగు నెలనూ పట్టుకుని కూడికలు తీసివేతలు చేస్తే ప్రమాదపు రోజులు తేలుతాయి. "ఇప్పటి నుంచి ఆరు నెలలు గుర్తు పెట్టుకుని రా" అన్నాను. అప్పటికి తప్పించుకున్నానని లోపల అనుకున్నాను.

"గుర్తులు ఉన్నయి సారూ. మా గోడ మీద."

మర్నాడు సిస్టరమ్మతో కలిసి ఆ ఇంటికి వెళ్ళాను. ముందుగదంతా మగ్గమే. ఆమె భర్త గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేస్తున్నాడు, నూలు చీరకు పట్టు అంచు. పక్కన ఆమె రాట్నం, కండెలు. మగ్గం వెనక గోడ మీద రోజుకొక బొగ్గు గీత. మగ్గం ఆపే అమావాస్య రోజున గీత మీద అడ్డగీత. ఒక చీర ఎన్ని రోజులు పట్టిందో చూసుకోవడానికి ఆయన పెట్టుకున్న పద్ధతి అది. ఆ గీతల మధ్య నెలకొకటి చొప్పున సున్నం చుక్కలు ఉన్నాయి. అవి ఆమెవి.

చూపుడువేలుతో గీతలు లెక్కపెట్టాను. చుక్క నుంచి చుక్కకు ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై ఏడు, ముప్పై, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. రెండోసారి లెక్కపెట్టాను, అంతే వచ్చింది. పట్నంలో చదువుకున్నవాళ్ళ దగ్గర కూడా ఇంత శుభ్రమైన లెక్క నాకు దొరకలేదు. ఆనందం పట్టలేక ఆమెను నా జాబితాలోని పదకొండు ప్రశ్నలూ అడిగాను. జ్వరాలు వచ్చాయా, నెల తప్పిందా, పాలిస్తున్నదా, ఇట్లాంటివి. జవాబులన్నీ సరిగ్గా వచ్చాయి. పన్నెండో ప్రశ్న ఒకటి ఉండాలని నాకు అప్పుడు తోచలేదు.

గ్రాఫు కాగితం మీద పట్టిక గీశాను. ఒకటి నుంచి ఎనిమిది దాకా పచ్చ గడులు, ఫరవాలేదు. తొమ్మిది నుంచి పందొమ్మిది దాకా ఎర్ర గడులు, దూరంగా ఉండాలి. ఇరవై నుంచి మళ్ళీ పచ్చ. ఆమె భర్త ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మేం చీరె మీది బుటాలు గీసుకునే కాగితమే గద సారూ. దీన్ల మాకు తప్పు వోదు" అన్నాడు. తర్వాత ఎర్ర గడులు వేలితో లెక్కపెట్టి, "పదకొండు దినాలా!" అన్నాడు.

"మగ్గం ఉన్నది గదయ్యా, నెయ్యి. చీరె జల్ది అయితది" అంది సిస్టరమ్మ. కోడలు రాట్నం వెనక ముఖం దాచుకుని నవ్వింది. ఆ ఇంట్లో నేను చూసిన మొదటి నవ్వు అది.

రెండు నెలలు బాగానే గడిచాయి. మూడో నెల నెలసరి రావాల్సిన రోజు దాటి వారం పది రోజులయ్యాక ఇద్దరూ వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. ఏం జరిగిందో ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. పరీక్ష చేయించాను. రక్తం కూడా చూశాను, పన్నెండు ఉండాల్సిన చోట ఏడు గ్రాముల దగ్గర ఉంది. అంతకుముందు కాన్పులో పోయిన రక్తం ఇంకా ఒంటికి పట్టనేలేదు. ఇప్పుడు మళ్ళీ అదే దారి.

మీకు ఒక సంగతి చెప్పాలి. అట్లాంటి సమయంలో మన నోట మొట్టమొదట వచ్చే మాట రోగికోసం వచ్చేది కాదు. అది మన చదువును కాపాడుకోవడానికి వస్తుంది. నేను అన్న మాట ఇది:

"చెప్పినట్టు పాటించలేదన్న మాట."

ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "మీరు ఎర్రగ జేసిన గడిల ఒక్క దినం గూడ తప్పలే సారూ. మా బిడ్డ మీద ఒట్టు."

"అట్లాగే అంటారు అందరూ."

అంతవరకు గోడకు ఆనుకుని ఉన్న ఆమె భర్త ముందుకు వచ్చాడు. కోపంగా రాలేదు, అదే నాకు ఎక్కువ ఇబ్బంది అయింది. "సారూ, నేను పన్నెండేండ్ల వయసు సంది మగ్గం మీద కూసుంటున్న. ఒక పోగు తప్పితే చీరెంత ఇప్పి మల్ల నేసిన. మీ కాగితంల లెక్క తప్పుతమా? మేం తప్పినమని మీరెట్ల అంటున్రు?"

ఆమె చీటీ మీద 'దంపతులు నియమం పాటించలేదు' అని రాశాను. తర్వాత ఉన్న దారులు చెప్పాను. కొనసాగిస్తే ప్రాణానికి ముప్పు ఉంది, చాలా జాగ్రత్తలు కావాలి. వద్దనుకుంటే చట్టప్రకారం తీయించుకోవచ్చు, అందులోనూ రక్తం పోతుంది. ఏదైనా తొందరగా తేల్చుకోవాలి. "రేపు చెప్త సారూ" అని ఆమె, భర్త చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

వనపర్తి సమావేశం మూడు రోజుల్లో ఉంది. ఆ సాయంత్రం నా నివేదిక చివర ఒక ఉదాహరణ చేర్చాను: 'ఒక చేనేత కుటుంబం. పట్టిక ఇవ్వబడింది. పాటించలేదు. విఫలం.' సిస్టరమ్మ ఇంజెక్షన్ సూదులు ఉడకబెడుతూ నా భుజం మీదుగా అది చదివింది.

"మీటింగుల ఇది చదువుతరా?"

"చదవాలి కదా."

"అయితే చదివేముందు ఇంకొకపాలి ఆ గోడ చూసొద్దాం సారూ."

మర్నాడు పొద్దున వెళ్ళాం. ఆయన మగ్గం మీద ఉన్నాడు కాని నేయడం లేదు. ఆమె రాట్నం ముందు ఉత్తచేతులతో కూర్చుని ఉంది. నేను మళ్ళీ గోడ దగ్గర నిలబడి చుక్కలు లెక్కపెట్టాను. తప్పు దొరకలేదు. నా పట్టిక తీసి కూడికలు చూశాను. అందులోనూ దొరకలేదు. సిస్టరమ్మ ఈ తతంగమంతా చూసి, గోడ మీద కడపటి చుక్క మీద వేలు పెట్టి మామూలుగా అడిగింది.

"బిడ్డా, ఈ చుక్క ఏ దినం పెడ్తవు?"

"తలకు వోసుకోని మల్ల రాట్నం ముట్టిన దినం."

"బయట కూసున్న దినం పెట్టవా?"

"ఆ దినాలల్ల లోపటికి రాను గద సిస్టరమ్మా. గోడ ఎట్ల ముట్టాలె?"

నేను అక్కడే, మగ్గం పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

నెలసరి వచ్చిన నాలుగు రోజులు ఆమె వసారాలో విడిగా ఉంటుంది. మగ్గాన్ని, నూలును, గోడను తాకదు. అయిదో రోజు తలస్నానం చేసి లోపలికి వచ్చి, రాట్నం ముట్టి, సున్నం చుక్క పెడుతుంది. ఆమెకు నెల అప్పుడు మొదలవుతుంది. నేను 'ఒకటో రోజు' అని రాసిన గడిలో ఆమె పెట్టింది ఆ రోజునే. నా దృష్టిలో ఒకటో రోజు రక్తం కనబడిన రోజు. అది ఇంత తెలిసిన సంగతి కాబట్టి కాగితం మీద రాయలేదు, నోటితో చెప్పలేదు. ఆమె ఎనిమిదో రోజు నా లెక్కలో పన్నెండో రోజు. నా పచ్చ గడులను నమ్మి ఆ ఇద్దరూ సరిగ్గా ప్రమాదంలోకి నడిచారు. చుక్క నుంచి చుక్కకు దూరం ఎక్కడినుంచి కొలిచినా ఒకటే వస్తుంది, అందుకే ఆరు అంకెలూ ఒప్పులే అయ్యాయి. లెక్క అంత శుభ్రంగా ఉండడం వల్లనే అది ఎక్కడ మొదలైందో చూడాలని నాకు తోచలేదు.

"తప్పు నాదమ్మా" అన్నాను. ఎందుకో కూడా వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాను.

గుంటలోంచి ఆమె భర్త అడిగాడు. "అంటే మా లెక్క కరెక్టేనా సారూ?"

"మీ లెక్క కరెక్టే."

"మరి చీటీల మేం తప్పినమని రాసిన్రు గద."

"కొట్టేస్తాను."

"ఉత్తగ కొట్టేసుడు కాదు. అండ్ల ఏం జరిగిందో రాయున్రి."

రాశాను, ఆయన ముందే. పాత వాక్యం కొట్టేసి, దాని కింద 'ఏ రోజు నుంచి లెక్కపెడతారో డాక్టరు అడగలేదు' అని. ఆయనకు చదువు కొంచెమే వచ్చు, అయినా కూడబలుక్కుని చదివి తిరిగి ఇచ్చాడు.

అప్పుడు ఆమె అంది. "ఉంచుకుంట సారూ. వచ్చిన బిడ్డను పొమ్మనబుద్ధి అయితలేదు. కాని నేను బతకాలె. నాకు ఇంట్ల ఇంకొక పిల్ల ఉన్నది. నన్ను బతికిస్తరా?"

ఔనని అనే ధైర్యం లేదు. లేదని అనే హక్కు లేదు. "నా చేతనైనదంతా చేస్తాను" అన్నాను. సిస్టరమ్మ "చేస్తం" అని దాన్ని సరిదిద్దింది.

వనపర్తిలో సమావేశం రోజున నా జాబితా చదివాను. కొత్తకోట డాక్టరు లారీ డ్రైవర్ల మాటకు అందరూ నవ్వారు, ఆయన లేచి దండం కూడా పెట్టాడు. చివరికి ఉదాహరణకు వచ్చాను. చేనేత కుటుంబం, పట్టిక, మూడో నెలలో గర్భం. అక్కడిదాకా చదవగానే ఆయనే అందుకున్నాడు.

"నేను చెప్పలే? ఫెయిల్!"

"ఫెయిలైంది నేను సార్. వాళ్ళు ఒక్క రోజు కూడా తప్పలేదు" అని, జరిగింది దాచకుండా చెప్పాను. తర్వాత, రాసుకోని ప్రశ్న ఒకటి అడిగాను. "మీ దగ్గరకు వచ్చే ఆడవాళ్ళు నెలను ఏ రోజు నుంచి లెక్కపెడతారు?"

బల్మూర్ నుంచి వచ్చినాయన, "మొదటి రోజు నుంచే గదా, ఇంకెట్ల?" అన్నాడు.

"మీ ఇంట్లో అంతే సార్. మీ రోగులు?"

ఉప్పునుంతల ఆయన పెన్ను తీసి అరచేతిలో ఏదో రాసుకున్నాడు. ఆ గదిలో అంతమంది డాక్టర్లం, వేల కాన్పులు చూసినవాళ్ళం ఉన్నాం. జవాబు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

పెద్ద డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మాత్రలు అయిదో రోజున మొదలుపెట్టమని చెబుతాం కదా బాబూ" అంది మెల్లగా.

"ఔనమ్మా."

"స్నానమైన రోజును ఒకటి అనుకుని, అక్కడినుంచి అయిదో రోజున మొదలుపెడితే?"

"తొమ్మిదో రోజవుతుంది."

"మాత్రలు వేసుకున్నా కడుపొచ్చిందని ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళు ఉన్నారు. మరచిపోయి ఉంటావు, అబద్ధం చెప్పకు అని కసిరి పంపాను" అంది. అయిదు గడుల్లో మేము పూర్తిగా నమ్మిన గడి అది. ఆ తర్వాత ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

బయటికి వస్తుంటే ఆమె నన్ను ఆపింది. "ఆ పిల్లను నెలకోసారి నా దగ్గరకు పంపు. కాన్పు నేనే చేస్తాను. బెంచీ మీద కూర్చోబెట్టవద్దు, నేరుగా లోపలికి రమ్మను."

మిగిలిన నెలలు ఎట్లా గడిచాయో వివరంగా చెప్పను. ఇనుము ఇంజెక్షన్లు, నులిపురుగుల మందు, వారం వారం సిస్టరమ్మ వెళ్ళి కళ్ళరెప్పలు చూసి రావడం. ఏడు గ్రాములు తొమ్మిదయ్యాయి, తొమ్మిది దగ్గరే ఆగిపోయాయి. కాన్పుకు రక్తం సిద్ధంగా ఉండాలి. అప్పట్లో మా చిన్న ఊళ్ళలో దాత దగ్గర అక్కడికక్కడే తీసి ఎక్కించేవాళ్ళం. ఆమె భర్త రక్తం ఆమెకు సరిపోయింది, కాని ఆయన పరేషాన్ అయ్యాడు.

"రక్తం దీస్తే మగ్గం తొక్కనీకి కాళ్ళల్ల బలం పోతదంట గద?"

"కాళ్ళల్లకెంచి దియ్యరయ్యా, చేతికెంచి దీస్తరు" అంది సిస్టరమ్మ.

"నాడె ఇసరనీకి చెయ్యి గూడ కావాలె గద!"

అని, పోగును అటూ ఇటూ దాటించే నాడె విసురుతున్నట్టు చెయ్యి ఊపాడు. కాని ఆ రోజు వచ్చినప్పుడు అందరికంటే ముందే చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. మధ్యాహ్నం కాన్పయింది. ఆడపిల్ల, గట్టిగానే ఏడ్చింది. తల్లికి రక్తస్రావం మొదలైంది. పెద్ద డాక్టరమ్మ రెండు గంటల పాటు ఆ బల్ల దగ్గర నుంచి కదలలేదు, బయట బెంచీల మీది వాళ్ళు కూడా ఆ రోజు గొడవ చేయలేదు. భర్త రక్తం సీసాలోంచి చుక్కచుక్కగా దిగుతుంటే నేను చుక్కలు లెక్కపెట్టాను. నాకు వచ్చిన పని అదొక్కటే. పొద్దు వాలే వేళకు ఆమె కళ్ళు తెరిచి, "మంచినీళ్ళు" అంది. సిస్టరమ్మ గోడ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఏడాదిన్నర గడిచింది. అంతదాకా వాళ్ళు నిరోధ్‌లతో నెట్టుకొచ్చారు, ఈసారి సందుగకు తాళం వేసి. ఒకరోజు ఓపీ అయిపోయే వేళకు ఆమె వచ్చింది. చంకలో చిన్నది, కొంగు పట్టుకుని పెద్దది. ముఖంలో రంగు ఉంది. ఇద్దరు బిడ్డలు చాలంటే ఆపరేషన్ గురించి చెబుదామనుకున్నాను, ఇప్పుడు చేయించుకోవచ్చు కూడా. అన్నీ చెప్పాను. లూప్ కొత్త రకం వచ్చిందని, భర్త ఆపరేషన్ సులువని. నా ప్రశ్నల జాబితాలో అప్పటికి పన్నెండు ఉన్నాయి, పన్నెండోది, 'నెలను ఏ రోజు నుంచి లెక్కపెడతావు' అన్నది, అన్నిటికంటే పైన రాసుకున్నాను.

ఆమె అంతా విని, చంకసంచీలోంచి మడిచిన గళ్ళ కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఆయన బుటాలు గీసుకునే కాగితం. రోజుకొక గడి. నెలకొక చోట కుంకుమ బొట్టు, దానికి అయిదో గడిలో సున్నం చుక్క. ఏడు కుంకుమ బొట్లు, మధ్యలో ఆరు నెలలు.

"ఈ ఎర్రది ఎవరు పెట్టారు? నువ్వు ముట్టవు కదా?"

"మా ఆయన పెడ్తడు. నేను వసారాల కూసోంగనే చూసి పెడ్తడు. మా వాడకట్టుల ఇంకా నలుగురికి నేర్పిన సారూ, గిట్లనే."

"ఇన్ని జరిగాక కూడా నీకు ఈ లెక్క మీద నమ్మకముందా?"

"లెక్క మీద నమ్మకం పోలే సారూ" అంది. ఆ మాటలో ఎవరి మీద పోయిందో చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

నేను గ్రాఫు కాగితం కోసం సొరుగు లాగాను. దాని పైన కుటుంబ నియంత్రణ రిజిస్టరు ఉంది. దాన్ని తెరిచి, అయిదో గడి పక్కన, అంచు దగ్గర మిగిలిన సన్నని జాగాలో ఎర్రసిరాతో ఒక నిలువు గీత గీసి, కింద ఒకటి వేశాను. తర్వాత తెల్లకాగితం ముందు పెట్టుకుని, అలవాటుగా మొదటి ప్రశ్న అడగబోయాను.

ఆమె నా కాగితం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"ఆగున్రి సారూ. ఈపాలి నేను చెప్త, మీరు రాసుకోన్రి."

రాసుకున్నాను.